నాలుగు రోజుల మాల

ఆ రోజు ఆ ఇంటి మాలలు రెండు తీశారు. ఒకటి సూర్యప్రకాష్ మెడలోది, వేసిన నాలుగో రోజు. రెండోది వాడి తండ్రి అప్పన్నది. కొడుకు పోతే తండ్రి మాల నిలవదు. ఏడాది తిరిగేదాకా తాను అయ్యప్ప మాల వేసుకోకూడదు, ఇంకొకరి మెడలో వేయకూడదు. పద్దెనిమిదిసార్లు కొండెక్కి దిగిన గురుస్వామికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా భజనల్లో డోలక్ వాయించే పోలయ్య చెప్పాడు, హాస్పిటల్ వరండాలో, మెల్లిగా, పక్కనున్న నలుగురికీ వినబడేటంత మెల్లిగా. చెప్పి తానే వెనక్కి వచ్చి నిలబడి అప్పన్న మెడలోంచి తులసిమాల పైకెత్తి తీశాడు. లోపల మంచం మీదున్నవాడి మాలని నర్సు అప్పటికే తీసేసి స్టీలు ట్రేలో పడేసింది, దూది పక్కన. మాల తీసేటప్పుడు చెప్పాల్సిన మంత్రం ఒకటి ఉంది. నర్సుకి తెలియదు. అప్పన్నకి తెలుసు, ఆ వేళకి నోటికి రాలేదు.

ఇప్పుడు ఏడాది నిండింది. తిథి ప్రకారం పోయిన ఆదివారమే నిండింది. పంతులు వచ్చి సంవత్సరీకం పెట్టించి, అరటికాయలు సంచిలో వేసుకుని, ఇంక మీకు ఏ అడ్డూ లేదు గురుస్వామీ, ఈసారి మీ చేత్తో మాలలు పడాల్సిందే అని చెప్పి మరీ వెళ్లాడు. అడ్డు లేదు. ఆ మాట అప్పన్నకి ఈ వారమంతా చెవిలో నీళ్లు పోయినట్టుగానే ఉంది. రేపు సోమవారం, మాలలు వేసే రోజు, తెల్లవారుజామున నాలుగున్నరకి పక్క సందులోని శ్రీదేవి తన మొగుణ్ణి తీసుకొస్తుంది. ప్రేమ్‌కుమార్. ముప్పై నాలుగేళ్లు. ఆదిత్యపూర్‌లో వెల్డింగు పని, పొద్దున్నే తాగితే తప్ప చేతిలో వెల్డింగు రాడ్డు నిలవదు. సూర్యప్రకాష్‌కీ అంతే, లేత్ మెషిన్ దగ్గర. అందుకే అప్పన్న ఈ సాయంత్రం టాటానగర్ గోల్‌మురి చౌక్‌లో టెంపో ఎక్కాడు. ఇద్దరు పట్టేచోట ముగ్గురు కూర్చున్న వెనక సీటులో ఒక మోకాలు బయట పెట్టుకుని, అగ్రికో మీదుగా సిద్ధగోరా పోతున్నాడు, జేబులో డాక్టరు రాసిచ్చిన చీటీతో. ఏడాది కిందటి చీటీ. తాగుడు మానినవాళ్ల మీటింగు, ఆదివారం, ఆరు గంటలు, సిద్ధగోరా. అంతే ఉంది. ఆ మీటింగు ఎక్కడో చూసి రావాలి, శ్రీదేవికి అడ్రసు చెప్పాలి, మాలకి బదులు అక్కడికి తీసుకెళ్లమ్మా అనాలి. ఎందుకని అడిగితే ఏమనాలో మాత్రం ఇంకా తోచలేదు. ఎందుకో చెప్పకుండా మాల ఆపే దారి ఒక్కటి దొరికితే చాలు. అంతకు మించి ఏమీ కోరుకోవడం లేదు, ఈ వయసులో.

కోరుకోకపోవడం కూడా గొప్పగా చెప్పుకునే అలవాటే, అనుకున్నాడు. అన్నీ గొప్పగానే చెప్పుకున్నాడు. సిగరెట్టు ముట్టలేదు, కల్లు వాసన చూడలేదు, ఇరవై ఏళ్లుగా గోల్‌మురి తెలుగు ఆడవాళ్లు మొగుళ్లనీ కొడుకుల్నీ చెయ్యి పట్టుకుని తన దగ్గరికే తెచ్చారు. గురుస్వామి చేతి మాల పడితే నలభై ఒక్క రోజులు చుక్క ముట్టరని పేరు. నిజంగానే ముట్టలేదు. నల్లపంచె కట్టి, గంధం పెట్టుకుని, నిన్నటిదాకా మురుగ్గుంటలో పడి ఉన్నవాడు తెల్లారి నాలుగింటికి చన్నీళ్లు పోసుకుని శరణుఘోష చెబుతుంటే పెళ్లాలు గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చేవారు. కొండ నుంచి వచ్చాక మాల తీసిన మర్నాడో ఆ మర్నాడో మళ్లీ తాగేవారు, అది వేరే సంగతి. దానికీ అప్పన్న దగ్గర జవాబు ఉండేది. నలభై ఒక్క రోజులు ఉండగలిగినవాడు నాలుగొందల రోజులు ఎందుకు ఉండలేడు? ఉండలేక కాదు, ఉండాలని లేక. ఒళ్లు కొవ్వెక్కి. ఆ మాట ఇంట్లో పెట్టిన అయ్యప్ప పీఠంలో కూర్చుని ఎన్నిసార్లు అన్నాడో. పెళ్లాలు తల ఊపేవారు. మొగుళ్లు నేల చూసేవారు. పైకి చూసిన ఒక్కడు సూర్యప్రకాష్.

అగ్రికో దాటాక టెంపో ఆగింది, ఎవరో బస్తా దించుతున్నారు. నాన్నా, కొంచెం కొంచెంగా తగ్గిస్తాను, ఒక్కసారి ఆపితే ఒళ్లు నిలవదు నాన్నా. సూర్యప్రకాష్ ఆ మాట అన్నది వంటింటి గడప మీద కూర్చుని, రెండు చేతులూ చంకల్లో దాచుకుని. దాచుకున్నది వణుకు కనబడకుండా. కొంచెం కొంచెం అనేది తాగుబోతు మాట అన్నాడు అప్పన్న. కోడలు హేమ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఎవరు అంటున్నారు ఆ మాట? ముప్పై నాలుగేళ్లు ఇనప రేకు చుట్టల్ని కాల్చి మెత్తబరిచే ఫర్నేస్ దగ్గర డ్యూటీ చేసినవాడు. మంట ఆపినా మూత ఎత్తకూడదు, ఒక రోజు, ఒకటిన్నర రోజు అలాగే ఉంచాలి, వేడి తనంతట తాను దిగాలి. తొందరపడి మూత ఎత్తితే గాలి తగిలి చుట్ట మొత్తం నల్లబడుతుంది, దేనికీ పనికిరాదు. కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఈ ముక్క చెప్పీ చెప్పీ గొంతు అరిగింది. ఇనుముకి ఇచ్చిన టైము కొడుక్కి ఇవ్వలేదు. ఈ సంగతి తట్టింది వాడు పోయిన పదకొండో రోజున, బిందెలో నీళ్లు పట్టుకుంటూ ఉండగా. ఎవరికి చెప్పుకోవాలి? భార్య నూకాలమ్మ ఉంటే చెప్పుకునేవాడేమో. ఆవిడ పోయి ఎనిమిదేళ్లు. లేదు, ఆవిడకీ చెప్పేవాడు కాదు. ఆవిడే కనిపెట్టి అడిగేది.

సిద్ధగోరాలో దిగేసరికి చీకటి పడుతోంది, బీహారీలు ఛఠ్ పండగకి కట్టిన వెదురు గుంజలు ఇంకా పీకలేదు. ఎవర్ని అడగాలి? ఫలానా హాస్పిటల్ ఎక్కడంటే అడగొచ్చు, గుడి ఎక్కడంటే అడగొచ్చు. తాగుబోతుల మీటింగు ఎక్కడయ్యా అని, తెల్ల గెడ్డం, నుదుట గంధం, ఈ మొహం పెట్టుకుని అడగడం ఎలాగ. కరెంటు స్తంభం దగ్గర నిలబడి జేబులోంచి రుమాలు తీసి గంధం తుడిచేశాడు. తుడిచాక ఆ పనికి తనమీద తనకే కోపం వచ్చింది. పాన్ కొట్టువాడి దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి హిందీలో అడిగాడు, ఆదివారం ఇక్కడ ఎక్కడో మీటింగు జరుగుతుందట, తాగుడు మానేవాళ్లది. వాడు ఆకుకి సున్నం రాస్తున్న చెయ్యి ఆపి కిందనుంచి పైదాకా చూశాడు.

"అరే దాదా, ఇస్ ఉమర్ మే?" అన్నాడు. ఈ వయసులోనా అని. పక్కనున్నవాడు నవ్వాడు. "ఛోడియే, అబ్ కిత్నా దిన్ బచా హై, పీ లీజియే."

ఇంక ఎన్నాళ్లు బతుకుతావులే, తాగెయ్. అప్పన్నకి ఒళ్లు మండింది, జన్మలో ముట్టలేదురా అని అరవాలనిపించింది, అరవలేదు. కొట్టువాడు వేలు చూపించాడు, చర్చి బడి, వెనక గేటు. చర్చి. ఇంకా నయం. ఏడాది కిందట హేమ ఎక్కడో విని వచ్చి చెప్పిన మాట ఇప్పుడు గుర్తొచ్చింది, మావయ్యా, సిద్ధగోరాలో ఏదో మీటింగు ఉందట, డబ్బు తీసుకోరట, ఆయన్ని ఒకసారి తీసుకెళ్దామా. ఎక్కడ పెడతారో అడిగాడు. చర్చి బడిలో అంది. గురుస్వామి కొడుకు చర్చికెళ్లి తాగుడు మానాడంటే రేపు నా పీఠం మెట్టు ఎవడెక్కుతాడమ్మా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. హేమ మళ్లీ ఎత్తలేదు. ఆ పిల్ల ఏదీ రెండోసారి అడగదు, అదే వచ్చిన చిక్కు. రెండోసారి అడిగి ఉంటే. లేదు, అడిగినా అంతే.

గేటు వైపు మెల్లిగా నడిచాడు. వీధి చివర ఎవరింట్లోనో డోలక్ కొడుతున్నారు. ఏడాది కిందట, మాల వేసిన రెండో రోజు రాత్రి భజనలోనూ డోలక్ బాగా పడింది, పోలయ్య వాయించాడు. సూర్యప్రకాష్ రెండో వరసలో కూర్చున్నాడు, నల్లపంచె, వాడి ఒంటికి నలుపు బాగా నప్పింది. కూతురు దేవి వచ్చి, తొమ్మిదేళ్లది, నాన్నని ఇప్పుడు స్వామీ అని పిలవాలని ఎవరో చెబితే, స్వామీ స్వామీ అని పిలిచి పకపకా నవ్వింది. వాడూ నవ్వాడు. నవ్వుతుంటే గెడ్డం వణికింది. ఆ తరవాత చేతులు. ఆ తరవాత భుజాలు, ఒళ్లంతా. చెమట పంచెలోంచి కారుతోంది, నవంబరు చలిలో. ఎవరో అరిచారు, స్వామి వచ్చాడు, సూరి ఒంటిమీదకి స్వామి వచ్చాడు. శరణుఘోష మిన్నంటింది, పోలయ్య డోలక్ బద్దలయ్యేలా కొట్టాడు, ఆడవాళ్లు కొబ్బరికాయలు తెచ్చారు. అప్పన్న హారతి పళ్లెం పట్టుకుని కొడుకు ముందు నిలబడ్డాడు. మొదటిసారి మాల వేసిన కన్నెస్వామికి రెండో రోజే పూనకం, తన ఇరవై ఏళ్లలో చూడలేదు. వాడి కళ్లలోకి చూశాడు. ఆ కళ్లు ఏమంటున్నాయో ఇప్పుడు బాగా తెలుసు. అప్పుడు మాత్రం నీళ్లు తిరిగాయి, సంతోషంతో. వంగి కొడుకు కాళ్లకి దండం పెట్టాడు. వాడు, వద్దు నాన్నా, అన్నాడు. పళ్లు పటపటమంటుంటే అంత మాటే వచ్చింది. మూడో రోజు గోడ మీద చీమలు పాకుతున్నాయని దులిపాడు, గోడ మీద ఏమీ లేదు. పంచె మీద లేని దారాలు ఏరాడు. మనకి కనబడనివి కనబడుతున్నాయి ఈ స్వామికి, అన్నారు. నాలుగో రోజు తెల్లవారుజామున నీళ్ల డ్రమ్ము దగ్గర పడిపోయాడు, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు, నోట్లో నురుగు, చేతిలో చెంబు బిగుసుకుపోయి ఊడి రాలేదు.

హాస్పిటల్లో కుర్ర డాక్టరు అడిగాడు, శరాబ్ ఎప్పటినుంచి బంద్? అప్పన్న ఛాతీ విరిచే చెప్పాడు. తీన్ దిన్ సే ఏక్ బూంద్ నహీ. మూడు రోజులుగా ఒక్క చుక్క లేదు. రాస్తున్న డాక్టరు పెన్ను ఆపాడు. ఒక్కసారిగానా? ఎవరు ఆపించారు? ఆ ప్రశ్నకి కూడా అప్పన్న గొప్పగానే జవాబు చెప్పాడు, మైనే. నేనే. డాక్టరు కేకలు వేసి ఉంటే బాగుండేది. వెయ్యలేదు. రోజూ పొద్దున్నుంచీ తాగేవాడికి ఒక్కసారి ఆపితే ప్రాణం మీదకి వస్తుందనీ, హాస్పిటల్లో పెట్టి మందులిచ్చి మెల్లిగా దించాలనీ, వణుకు మొదలైన రాత్రే తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్లమనీ, బడిలో పాఠం చెప్పినట్టు చెప్పాడు. గంట తరవాత బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు. ఆ తరవాతే ఆ చీటీ రాసి చేతిలో పెట్టాడు, మీ వాళ్లలో ఇంకెవరైనా ఉంటే అని. హేమ తలుపు అవతల ఉంది. ఏమన్నాడు మావయ్యా అంది. గుండె ఆగిపోయిందట అన్నాడు అప్పన్న. అబద్ధం కాదు. ఎవరికైనా చివరికి ఆగేది గుండే.

అదొక్కటే అయితే సరిపోయేది. ఘాట్ దగ్గర, ఇంకా కట్టెలు పేరుస్తూ ఉండగా, పోలయ్య పక్కకి వచ్చి నిలబడ్డాడు. మాలలో ఏటైనా ముట్టినాడేటి గురుస్వామీ, లేపోతే స్వామి అలగ ఎందుకు కొడతాడు? మొన్న పూనకమని డోలక్ కొట్టినవాడే. అప్పన్న నోరు తెరిచాడు. ముట్టలేదు అనాలి. ముట్టలేదంటే మరి ఎందుకు పోయాడని అడుగుతారు. ఏమో, అన్నాడు. ఒక్క మాట. ఏమో. చితి అంటుకోకముందే ఆ మాట గోల్‌మురి చేరింది, సాయంత్రానికి మాలలో తాగాడట అయింది, మర్నాటికి సీసా కూడా దొరికిందట అయింది. అప్పన్న ఎవరికీ ఏమీ చెప్పలేదు, అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పీఠం నిలిచింది. మాల తప్పు కాదు, గురుస్వామి తప్పు కాదు. తప్పంతా, లేచి జవాబు చెప్పలేనివాడిది.

హేమ కూడా నమ్మింది. అదే తిన్న అన్నం అరగనివ్వనిది. సంవత్సరీకం రోజున, పంతులు వెళ్లిపోయాక, ఆకులు ఎత్తుతూ ఎత్తుతూ ఆగి అంది, "రెండో రోజు రాత్రి, మాలలో నా దగ్గరికి రాకూడదని, పీఠం గదిలోంచి ఫోను చేసినారు మావయ్యా. సుక్క ముట్టలేదే, నీ మీద ఒట్టు, అన్నారు. నా మీద ఒట్టేసి మరీ అబద్ధమాడినారు. నాలుగు రోజులు. నాలుగు రోజులు ఆగలేకపోయినారా?" కళ్లలో తడి లేదు. గొంతులో ఉన్నది దుఃఖం కాదు, చీదర. గోడమీద వాడి ఫొటోకి దండ వెయ్యదు, అప్పన్నే వేస్తాడు. దేవి బడినుంచి ఒకరోజు వచ్చి హిందీలో అడిగింది, దాదాజీ, పాపా భగవాన్‌సే ఝూఠ్ బోలే థే క్యా? దేవుడితో అబద్ధం ఆడాడా నాన్న? హేమ లోపలి నుంచి, హోంవర్క్ చెయ్ అంది. ఆ రోజు చెప్పొచ్చు. ఆకులు ఎత్తిన రోజు చెప్పొచ్చు. మూడువందల అరవై రోజులు, ప్రతి పూటా చెప్పొచ్చు. చెప్పడానికి కావలసిన మాటలు నాలుగే. వాడు ఇచ్చిన మాట తప్పలేదమ్మా. ఆ నాలుగు మాటల వెనకాలే ఐదోది వస్తుంది, చంపింది నేను అని. దాన్ని ఆపడం ఎలాగో తెలియకే మొదటి నాలుగూ మింగాడు.

వెనక గేటు తీసే ఉంది. ట్యూబులైటు, చిన్నపిల్లల బెంచీలు, వాటి మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్న పదిమంది మగవాళ్లు, ఒక ఆడమనిషి. నల్లబల్ల మీద ఎక్కాలు ఇంకా చెరపలేదు. ఎవరో లేచి తన పేరు చెప్పి, తాను తాగుబోతునని చెప్పాడు, ఊరి పేరు చెప్పినంత మామూలుగా. ఎవరూ ఛీ అనలేదు. అప్పన్న చివరి బెంచీ మీద ఒక అంచున కూర్చున్నాడు. ఒకాయన టీ గ్లాసు తెచ్చి ఇచ్చి, పహ్లీ బార్? అన్నాడు. మొదటిసారా. నేను తాగను, జన్మలో ముట్టలేదు, అన్నాడు అప్పన్న, పాన్ కొట్టు దగ్గర మింగిన మాట ఇక్కడ బయటపడింది. ఆయన తల ఊపి బిస్కట్టు ఇచ్చాడు. ఇరవై ఏళ్లు తనని పీఠం మీద కూర్చోబెట్టిన మాట ఆ గదిలో ఒక బిస్కట్టుకి సరిపోయింది.

మీటింగు మధ్యలో టీకి లేచినప్పుడు ఎవరో వచ్చి మోకాళ్లకి చెయ్యి ఆనించారు.

"గురుస్వామీ, పోల్చుకోనేదా? నాను చినబాబుని. టాటానగర్ రైల్వే కోటర్సు. పదకొండేళ్ల కిందట మీరే మాలేసినారు."

గుర్తొచ్చాడు. బక్కగా ఉండేవాడు, ఇప్పుడు పొట్ట వచ్చింది. "నలభై ఒక్క రోజులు నిలబెట్టావు," అన్నాడు అప్పన్న. "అందరికంటే ముందు లేచేవాడివి. కొత్తవాళ్లకి నిన్నే చూపించేవాణ్ణి."

చినబాబు నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఎందుకు లేసీవోణ్ణనుకున్నారు? మీ నీళ్ల డ్రమ్ము కింద ఇటకల్లేవా, ఆ సందులో సీసా. ఎవులూ లేవక ముందే పోయి మూతలు లెక్కెట్టుకుని తాగీవోణ్ణి. ముందర పన్నెండు మూతలు, వారం పోయాక పది, అలగ. లేపోతే సేతులు వణికి గంట పట్టుకోడానికయ్యేది కాదు. నానొక్కణ్ణే కాదు స్వామీ, ఆ యేడు మేం ముగ్గురం. మీ పరువు తియ్యకూడదని మాలో మేమే అనుకునీవోళ్లం." తరవాత నవ్వు ఆపాడు. "ఇక్కడికొచ్చాక తెలిసినాది, ఆ మూతలే నన్ను బతికించినాయని. ఇది మాత్రం ఎవులకీ చెప్పకండి, సొంత వైద్యమని మా డాక్టరు తిడతాడు. తొమ్మిదేళ్లయింది పూర్తిగా మానేసి. అది ఆస్పత్రిలో మానిపించినారు." ఆగి, గొంతు తగ్గించాడు. "మీ అబ్బాయి సంగతి విన్నాను. మాలలో తాగినాడంట కదా. తాగినా పోకూడదు మరి, ఎందుకు పోనాడో..."

అప్పన్న చేతిలోని టీ గ్లాసు పక్కన బల్ల మీద పెట్టాడు. ఆ డ్రమ్ము. ఆ ఇటుకలు. మాట తప్పినవాళ్లందరూ బతికి, కొండెక్కి, పొట్టలు పెంచుకుని తిరుగుతున్నారు. గురుస్వామి చేతి మహిమ అంతా ఇటుకల సందులో ఉంది. తెలియనిది ఇద్దరికే, ఆ పీఠంలో, తండ్రికీ కొడుక్కీ. వాడికి ఆ సందు ఎవరూ చూపించి ఉండరు, గురుస్వామి కొడుకు కదా, వెళ్లి చెప్పేస్తాడని భయం. చూపించినా తాగేవాడు కాడేమో. నాన్న వేసిన మాల. ఎవరైనా చూపించి ఉంటే బాగుండేదని, మాల వేసిన చేత్తోనే సీసా పెట్టి ఉంటే బాగుండేదని, అప్పన్న అయ్యప్పని తలుచుకునే అనుకున్నాడు, భయం వెయ్యలేదు.

రేపు ఒకడికి మాల వెయ్యాలి, అని మాత్రం చెప్పాడు చినబాబుతో. ప్రేమ్‌కుమార్ సంగతి చెప్పాడు, పొద్దున్నే తాగితే తప్ప చెయ్యి నిలవదనీ. చినబాబు మొహం మారింది. "ఎప్పుడి నుంచి ఆపినాడు? ముందది అడగండి. ఫోన్ చెయ్యండి స్వామీ, బేగి."

ఫోను రెండో రింగుకే ఎత్తింది శ్రీదేవి. "సెప్పు మావయ్యా! అన్నీ కొనీసినాను, నల్లపంచెలు, తువ్వాలు, నెయ్యి..."

"ప్రేమ్‌కుమార్ ఎలాగున్నాడే?"

"బెమ్మాండంగున్నాడు! నిన్న పొద్దుట్నుంచి సుక్క ముట్టనివ్వనేదు, గదిలో ఎట్టి గొళ్లెం ఏసినాను. సెమటలు పడతన్నాయి, సేతులు వణుకుతన్నాయి. మాయత్త సూసి, మాలెయ్యకముందే స్వామి వచ్చేసినాడు ఈడి మీదికి అంటంది. నవ్వొచ్చింది మావయ్యా నాకు, సంతోసంతో."

"గొళ్లెం తియ్యి."

"ఏటి?"

"గొళ్లెం తియ్యవే ముందు. ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నేను వస్తున్నాను, నాతో ఇంకొకాయన వస్తున్నాడు. మాల లేదు. రేపూ లేదు."

అటువైపు గిన్నె కింద పెట్టిన చప్పుడు వినబడింది. తరవాత గొంతు మారింది. "ఆరు నెలల్నుంచి మీ గుమ్మం చుట్టూ తిరగతన్నాను. మా ఆయన అంత పనికిమాలినోడా మావయ్యా? మీ సూరిబావకి ఏసినారు గదా, మాలేసుకుని తాగినోడికి. నా మొగుడు ఆడి కన్నా..."

"సూరి తాగలేదు," అన్నాడు అప్పన్న.

చినబాబు తల తిప్పి చూశాడు. బెంచీ మీద ఉన్న ఒకరిద్దరు కూడా చూశారు, వాళ్లకి తెలుగు రాకపోయినా.

"నాలుగు రోజులూ ముట్టలేదు. ముట్టకపోబట్టే పోయాడు. ఈ చెమటలే, ఈ వణుకే. నేను హారతిచ్చాను. డాక్టరు ఆ రోజే నాకు చెప్పాడు." ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. "గొళ్లెం తియ్యమ్మా."

గొళ్లెం తీసిన చప్పుడు ఫోనులోనే వినబడింది. మళ్లీ ఫోను అందుకున్నప్పుడు శ్రీదేవి ఊపిరి గట్టిగా తీస్తోంది. "కూచునే ఉన్నాడు మావయ్యా, బేగి రండి." ఫోను పెట్టేస్తుందనుకున్నాడు. పెట్టలేదు. "మరి హేమక్కకి తెలుసా?"

తెలీదు, అన్నాడు.

చినబాబు బండి మీద వెనక కూర్చుని గోల్‌మురి వస్తుంటే చలిగాలి గెడ్డంలోకి దూరింది. శ్రీదేవి సందులోకి తిరగాలంటే అప్పన్న ఇంటి ముందు నుంచే పోవాలి. కిటికీలో లైటు ఉంది, దేవి తల కనబడింది పుస్తకం మీద వంగి, వెనకాల హేమ నీడ అటూ ఇటూ తిరుగుతోంది. ఆపమని చినబాబు భుజం తట్టొచ్చు, ఒక్క నిమిషం. ప్రాణం మీదకొచ్చినవాడు అక్కడ కూర్చుని ఉంటే ఇక్కడ ఆగడం ఏమిటి అనుకున్నాడు. నిజమే, కాదనడానికి లేదు. ఆగకుండా ఉండటానికి ఇంత మంచి కారణం దొరికినందుకు లోపల ఎక్కడో తేలికపడ్డాడు, ఆ తేలికే గొంతులో చేదుగా తగిలింది.

ప్రేమ్‌కుమార్‌ని ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ఆటో ఎక్కించారు. వాడు గోడలకేసి చూస్తూ, ఎవరో పిలుస్తున్నారు గురుస్వామీ అన్నాడు. ఎవరూ పిలవడం లేదురా, పద, అన్నాడు అప్పన్న. ఎమర్జెన్సీలో డాక్టరమ్మ అదే ప్రశ్న అడిగింది, ఎప్పటినుంచి బంద్? శ్రీదేవి, కల్ సుబహ్ సే, అంది, నిన్న పొద్దుట్నుంచి అని. డాక్టరమ్మ రాసుకుంది, నర్సుకి ఏవో మందుల పేర్లు చెప్పింది, సూది వేశారు, సెలైన్ పెట్టారు. మంచిపని చేశారు, ఇంకో రోజు ఆగి ఉంటే కష్టమయ్యేది అంది, అప్పన్న వైపు చూసి. మంచిపని. చినబాబు క్యాంటీనుకి వెళ్లి టీలు తెచ్చాడు. శ్రీదేవి నల్లపంచెల కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, పొరపాటున తెచ్చేసింది, ఏం చెయ్యాలో తెలియక. అత్తకి ఫోను చేసింది, తరవాత చెల్లెలికి చేసింది, చెయ్యి అడ్డం పెట్టుకుని, సూరిబావ తాగలేదంటే, ముసలాయన ఇన్నాళ్లూ దాసీసినాడు, అంది. చెయ్యి అడ్డం పెట్టినా వినబడింది. అంటే ఇంక ఎంతోసేపు లేదు. ఈ సందు నుంచి ఆ సందుకి మాట నడిచివెళ్లడానికి ఎంతసేపు పడుతుందో అప్పన్నకి తెలుసు.

ఎనిమిదవుతుండగా ఫోను మోగింది. హేమ. "ఎక్కడున్నారు మావయ్యా? తెల్లారి మాలకి పీఠం గది కడగాలా, అందరూ వస్తారు కదా." ఆమెకి ఇంకా తెలియదు, గొంతులో తెలుస్తోంది, రోజూ ఉండే గొంతే. వద్దమ్మా, రేపు మాలలు లేవు, అన్నాడు. ఎందుకని అడిగింది. ఇంటికి వచ్చి చెబుతాను అన్నాడు. భోజనానికి వస్తారా అంది. వస్తానన్నాడు. హేమ, దేవి పడుకుంటుంది, బేగి రండి, అని పెట్టేసింది.

అప్పన్న ఫోను జేబులో వేసుకుని హాస్పిటల్ బెంచీ మీదే కూర్చున్నాడు. లేవాలి, ఇల్లు పదిహేను నిమిషాలు. సూర్యప్రకాష్ మాట తప్పలేదని హేమకి ఇంకా చెప్పలేదు.